దుప్పటి బరువు

ఎద్దంత పండుగప్ప అన్నది మాత్రం అబద్ధం కాదు, పాలకాయతిప్ప దగ్గర నా వలలో పడి నన్నూ పడవనూ బందరు దాకా ఈడ్చుకుపోయింది, అని చెబుతుంటే పిల్లల్ని తూయించే వరసలో ఆడవాళ్లు నవ్వుతున్నారు, మనవరాలు దయామణి మాత్రం నవ్వదు, పురుడైన నెలకే రొయ్యల షెడ్డులో ఐసులో చేతులు పెట్టింది, పాలు పడటం లేదు తాతా, పిల్ల ఏడవడం కూడా మానేసింది, అంటుంది, బరువు తక్కువని నర్సమ్మ రాస్తేనే బందరు ఆసుపత్రిలో ఉంచి పాలు పట్టిస్తారట, ఆ నర్సమ్మ కల్పనగారు మా పేటలోకి రారు, రోడ్డు మీదే కుర్చీ, తుమ్మకొమ్మకు కాటా, ఊళ్లో పిల్లల్ని తూచిన తెల్ల ఉయ్యాలగుడ్డ సంచీలోంచి కనబడుతూనే ఉంది, మీ గుడ్డలు మీరే తెచ్చుకోండమ్మా, అంటారు, చలికి కప్పుకున్న నా మందపాటి సోలాపూరు దుప్పటి ఇచ్చాను, పిల్లను మూటగట్టి కొక్కేనికి తగిలించారు, ముల్లు గబుక్కున దిగింది, పచ్చగీతలోనే ఉందమ్మా, మీ పేట పిల్లలంతా బొద్దుగానే ఉంటారు, తరవాతెవరు, అన్నారు ముక్కు మీద కర్చీఫు తీయకుండా.

బొద్దుగా, ఛీ, నోట్లో కుళ్లు రొయ్య పడ్డట్టయింది, మూట విప్పితే గువ్వపిట్ట మెడ, ఉండండమ్మా అని ఉత్త దుప్పటినే కొక్కేనికి తగిలించాను, ముల్లు మళ్లీ దిగింది, చూశారా కల్పనగారూ, నా దుప్పటి కూడా బొద్దుగానే ఉంది, దీనికీ రోజుకో గుడ్డు రాయండి, అన్నాను, ఆడవాళ్లు పగలబడ్డారు, ఆవిడకూ నవ్వొచ్చింది, ఇక్కడ కూడా నీ కోతలేనా తాతా, తియ్యి దాన్ని, కాటాకి కంపు పట్టుద్ది, అంది, కోతలు కాదమ్మా, మీ తెల్లగుడ్డలో వేసి ఒక్కసారి తూచండి, అన్నాను, ఆవిడ చెయ్యి సంచీ మీదికి వెళ్లింది, అమ్మయ్య తీస్తుంది అనుకున్నాను, సర్రుమని జిప్పు లాగేసింది.

పద దయామణీ, రాసేదేదో బందరులోనే రాయించుకుందాం, అని దాని కొంగు చుట్టిన పిల్లను ఎత్తుకుని బస్సు కోసం నడుస్తున్నాను, ఎద్దంత చేపను మోశానని ఊరంతా చాటిన చేతులివి, వీటికి ఈ పిల్ల ఉన్నట్టే తెలియడం లేదు, ముల్లు అబద్ధం చెప్పలేదు, దుప్పటీ చెప్పలేదు, మేమంటే వాళ్లకున్న రోతను కూడా మా పిల్ల ఒంట్లోనే కలిపి తూచేశారు.