డాక్టరుగారి ఇంటి మెలకువ

పాత ఇల్లు పడగొట్టే ముందు దాన్ని నిద్రపుచ్చాలి. ఆ పని వదినది.

నిజానికి ఆవిడ మేస్త్రీ ఒక్కడికే వదిన, చనిపోయిన అన్నగారి భార్య. మేస్త్రీ పిలిచే పిలుపే కూలీలందరికీ అలవాటైపోయింది. ఆఖరికి ఆవిడకి తండ్రి వయసున్న ఇంజనీరు కూడా "వదినగారు వచ్చారా?" అనే అడుగుతాడు. ఆవిడ రాకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో ఆయన ఒకసారి కళ్ళారా చూశాడు. మెలకువగా ఉన్న గోడ మీద గునపం వేస్తే రబ్బరు మీద వేసినట్టు వెనక్కి వస్తుంది. కొట్టినవాడి చేతులు వాయడం తప్ప ఒక్క పెచ్చు ఊడదు. పెద్ద మిషను తెచ్చినా అంతే.

రోజూ ఉదయం వదిన ఖాళీ ఇంట్లోకి ఒక్కతే వెళ్తుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు ఇల్లంతా తిరిగి చూస్తుంది. ఎవరో ఏళ్ళ తరబడి తల ఆనించిన చోట గోడ మీద నూనె మరక. ఎవరూ పట్టుకెళ్ళని సబ్బు ముక్క. గ్యాసు బండ ఉండే చోట గుండ్రటి తుప్పు మరక. పగులు కనపడకుండా అంటించిన పాత క్యాలెండరు. ఇవన్నీ చూస్తే ఆ ఇంట్లో మనుషులు ఎలా బతికారో తెలుస్తుంది, దాన్నిబట్టి గోడని ఎంత మెల్లగా జోకొట్టాలో తెలుస్తుంది. పడగ్గదులు పాపం తొందరగానే పడుకుంటాయి. మెట్లు కాస్త పేచీ పెడతాయి. వంటిల్లు మాత్రం పొయ్యి మీద పాలు మరిచిపోయినదానిలా ఉలిక్కిపడి లేస్తూనే ఉంటుంది. అది కూడా పడుకున్నాక ఇల్లు ఒక పెద్ద ఊపిరి వదులుతుంది. అప్పుడు వదిన బయటికొచ్చి మేస్త్రీకి తలూపుతుంది.

ఈ పనిలో ఒకటే కట్టుబాటు. లోపల ఎంత కాళ్ళు పీకినా కూర్చోకూడదు. కూర్చుంటే ఉండటానికి మనిషి వచ్చిందనుకుంటుంది ఇల్లు. మనిషి వచ్చిందనుకున్న ఇల్లు మళ్ళీ నిద్రపోదు.

ఇన్ని ఇళ్ళని పడుకోబెట్టిన వదినకి మాత్రం కంటి మీద కునుకు లేదు. కొత్త రోడ్డు కోసం మొదట పోయిన ఇళ్ళలో ఆవిడ ఇల్లూ ఉంది. భర్త పోయాక మిగిలిన తోడు అదొక్కటే. దాని మీద పరాయి చెయ్యి పడటం ఇష్టం లేక తనే జోకొట్టింది. తెలిసిన చెయ్యి కదా, వంటిల్లుతో సహా బుద్ధిగా పడుకుంది. అది కాస్త మారాం చేసి ఉంటే ఆవిడకి ఇంత బాధ ఉండేది కాదు. ఆ రోజు నుంచీ అద్దె గదిలో ఆవిడ కళ్ళు మూసుకుంటుందే గాని నిద్రపోదు. మాత్రలు వేసుకుంది. మేస్త్రీ భార్య తలకి నూనె రాసి మర్దనా చేసింది. ఏదీ పని చెయ్యలేదు. ఈ మధ్య అన్నం కలుపుకుని తినడం మరిచిపోతోంది, నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది.

"మానెయ్యి వదినా, చిక్కి సగమయ్యావు. ఇలాగే ఉంటే నువ్వు దక్కవు," అన్నాడు మేస్త్రీ.

"మానేసి ఆ గదిలో కూర్చుని ఏం చెయ్యనయ్యా? ఇక్కడైతే నిద్రపోయేవాళ్ళని చూడటమన్నా ఉంది."

రోడ్డుకి అడ్డంగా చివరికి డాక్టరుగారి ఇల్లు ఒక్కటే మిగిలింది. తాతల కాలం నాటి మేడ. కింద వైద్యం, పైన కాపురం. రంగు అద్దాల కిటికీలు, చెక్క మెట్లు, ముందు గదిలో రోగుల కోసం గోడ పొడుగునా రాతి బల్ల. కూర్చుని కూర్చుని ఆ బల్ల నున్నగా అయిపోయింది. డాక్టరుగారు ఏనాడో పోయారు, వారసులు సంతకాలు పెట్టేసి వెళ్ళిపోయారు. ఇంటికి మాత్రం అలవాటు పోలేదు. ఏ వేళప్పుడు ఎవరు తలుపు తట్టినా లేచిన ఇల్లది. వదిన పై గదులన్నీ పడుకోబెట్టి కిందికి దిగేసరికి, బయట గేటు కిర్రుమంటే చాలు, ముందు గది లేచి కూర్చునేది. దాంతో మేడంతా లేచేది. వారమంతా ఇదే వరస.

"ఈ ఇల్లు రేపటికల్లా పడాలి," అన్నాడు ఇంజనీరు మేస్త్రీతో. "లేకపోతే నీ బదులు ఇంకొకర్ని పెట్టుకోమని పైనుంచి చెప్పారు. నాకు మాట రానివ్వకు."

వదిన ఆ మాట విన్నది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

పై గదులు, మెట్లు, వంటిల్లు, మందుల గది. అన్నీ పడుకున్నాయి. ముందు గది గోడని తడుతూ తడుతూ ఉండగా ఆవిడ పక్కకి తూలింది. పడిపోకుండా చెయ్యి చాచింది. చేతికి రాతి బల్ల తగిలింది. కూర్చున్నాక గాని తనేం చేసిందో తెలియలేదు.

"అయ్యో, నా మతిమండ," అంది లేవబోతూ. కాళ్ళు మాట వినలేదు.

ఇల్లు అప్పటికే ఆవిడని చూసేసింది. పైన తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. వీధి వైపు కిటికీ దానంతటదే చప్పుడు కాకుండా మూసుకుంది. జ్వరం ఉందేమోనని చెయ్యి తిరగేసి పెట్టినట్టు, నుదుటి మీద ఏదో చల్లగా తగిలింది.

"జ్వరం కాదు. నిద్ర పట్టట్లేదు," అంది వదిన.

ఇల్లు ఇంకా వింటున్నట్టే ఉంది. ఇన్నాళ్ళూ అందరూ మందులు చెప్పారు గాని, ఇలా ఊరికే విన్నవాళ్ళు లేరు. ఆవిడకి దుఃఖం ఆగలేదు.

"మా ఇంటిని నేనే పడుకోబెట్టాను. నన్ను నమ్మి పడుకుంది," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక వీపు వెనక గోడ మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. అది ఆవిడ తట్టే తీరే. వారం రోజులుగా వింటూ నేర్చుకుంది. వదిన బల్ల మీద పక్కకి ఒరిగింది.

ఎంతకీ రాకపోయేసరికి మేస్త్రీ, వెనకాలే ఇంజనీరు లోపలికి వచ్చారు. వదిన నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నగా గురక పెడుతోంది. మేస్త్రీ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"లేపవయ్యా. లేచి వచ్చేస్తే ఇంకోసారి ప్రయత్నించి చూద్దాం," అన్నాడు ఇంజనీరు.

"నేను లేపను సార్."

"పని పోతుంది నీకు."

"పోనీండి. ఇంకొకర్ని చూసుకోండి," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. "కాస్త మెల్లగా మాట్లాడండి."

ఇంజనీరు పెద్దవాడు, తనకీ నిద్ర విలువ తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళాడు.

తర్వాత వేరే మేస్త్రీ వచ్చాడు, పెద్ద మిషన్లు వచ్చాయి. గోడకి తగిలినప్పుడు, లోపల వదిన లేవకుండా చప్పుడు కూడా రానివ్వలేదు ఇల్లు. చివరికి పైవాళ్ళు విసిగిపోయి ప్లాను మార్చారు. తిన్నగా వచ్చిన రోడ్డు ఆ మేడ దగ్గర పక్కకి తిరిగి, మళ్ళీ తిన్నగా పోయింది. కొత్త డ్రైవర్లు ఆ మలుపుని తిట్టుకుంటారు. పాత డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టరు.

మేస్త్రీ ఇప్పుడు చిన్నా చితకా మరమ్మతు పనులు చేసుకుంటున్నాడు. సాయంత్రం భార్యతో కలిసి మేడకి వస్తాడు. ఆవిడ తడిగుడ్డతో వదిన మొహం తుడిచి, దుప్పటి సర్దుతుంది. వదిన బుగ్గలు పూడాయి, కళ్ళ కింద నలుపు పోయింది.

ఒక సాయంత్రం వదిన సగం కళ్ళు తెరిచింది. కిటికీ అవతల కొత్త రోడ్డు మీద బస్సొకటి మెల్లగా మలుపు తిరుగుతోంది. ఆవిడ అటు చూడలేదు.

"చాలాసేపు పడుకున్నానా?" అంది.

మేస్త్రీ ఆ బస్సు దాటేదాకా ఆగాడు.

"లేదు వదినా, ఇప్పుడే కదా. పడుకో."

వదిన గోడ వైపు తిరిగి పడుకుంది. గోడ మళ్ళీ మెల్లగా తట్టసాగింది.