ఫోనులో లేని తిథి

పొద్దున పప్పుకు పోపు వేస్తుంటే సెల్‌ఫోను మోగింది. చూస్తే, అమ్మ పోయిన తిథి ఇవాళేనని గుర్తుచేస్తూ 'అమ్మ' అని ఉంది. నాకు గుర్తున్నదే. అప్పటికే గారెలు చేసి డబ్బాలో సర్దాను. నేను పనిచేసే బడికి సెలవు పెట్టి, బోధన్‌లో బస్సెక్కి, వర్ని దగ్గరున్న మా ఊరికి వెళ్లాను. వాకిట్లో వడ్లు ఆరబోస్తున్న మా తమ్ముడి భార్య గంగమణి నన్ను చూసి తెల్లబోయింది.

"ఇయ్యాల వచ్చినవేంది వదినె? అత్తమ్మ తిథి అయిపోయి పదకొండు దినాలాయె. ఆ దినం మాపటిదాక నీ తొవ్వ సూసినం."

తమ్ముడు ఆత్మారాం వచ్చి నా చేతిలో డబ్బా అందుకున్నాడు. "తిథి ఏటా ముందుకో ఎనకకో జరుగుతది గదక్కా. ఫోన్ చేద్దామనుకున్న. అక్క మరుస్తదా అని ఊకున్న."

తిట్టినా బాగుండేది. నేను చిన్నబోతానని వాడు నా ముందే రెండు గారెలు తిన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిథి జరుగుతుందని నాకు తెలియదా? తిరుగు బస్సులో కూర్చుని అదే ఆలోచించాను. రెండేళ్ల కింద మా ఆయన రామ్‌దాస్ "గోడకు గా కాయితాలేంది, అన్ని ఇందుల ఎక్కియ్యి" అని తిథుల క్యాలెండర్ తీసేసి, తన పాత ఫోను నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇంటిల్లిపాది తేదీలూ నేనే ఎక్కిస్తున్నాను. అత్తమ్మ షుగర్ పరీక్ష, గ్యాస్ బండ, పిల్లల పరీక్షలు, ఆఖరికి ఆడబిడ్డ కొడుకు పుట్టినరోజు. మామగారి తిథి వచ్చినప్పుడల్లా పక్కింటి గోడ మీది క్యాలెండర్ దగ్గర నిలబడి, బహుళ సప్తమి ఏ రోజు వచ్చిందో వేలు పెట్టి వెతికి మరీ ఎక్కించాను. తప్పితే కోడలికి పట్టింపు లేదంటారని భయం. అమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం నిరుడు తిథి పడ్డ తేదీ కొట్టి, ప్రతి ఏడూ అదే రోజు గుర్తుచేయమని మీట నొక్కి ఊరుకున్నాను. అమ్మ ఏమీ అనదు కదా! అడిగేవాళ్లకు భయపడి అన్నీ చేశాను, అడగని అమ్మను వదిలేశాను. ఇందులో ఫోను తప్పేముంది?

బస్టాండులో దిగి కొత్త ఏడాది తిథుల క్యాలెండర్ కొన్నాను. ఇంటికి రాగానే హాల్లో మేకు కొట్టి తగిలించాను. మార్గశిరంలో అమ్మ తిథి వెతికి, ఆ గడిలో 'వెంకటవ్వ' అని పూర్తి పేరు రాశాను.

సాయంత్రం రామ్‌దాస్ వచ్చి ఆ క్యాలెండర్ తిరగేశాడు. "మీ అవ్వదొక్కటే రాసినవ్. మరి మా బాపుది?"

"మీరు రాయుండ్రి" అని పెన్ను ఇచ్చాను.

"తిథి ఏందో నాకేమెరుక?" అన్నాడు నవ్వుతూ.

ఆయన ముఖంలో సిగ్గు కోసం చూశాను. లేదు. ఆయన పడాల్సింది కూడా ఇన్నేళ్లూ నేనే పడ్డాను.

"అత్తమ్మ లోపల్నే ఉన్నది," అన్నాను. "అడిగి రాయుండ్రి."