సాయిసుధ పెట్టిన ఆప్షన్

కొవ్వూరులో బట్టల కొట్టు నడిపే జోగేశ్వరరావు గారి అమ్మాయి సాయిసుధ ఎంసెట్ రాసింది. రాసింది ఆమె ఒక్కతే అయినా, తర్వాత ఏం చేయాలో మాత్రం ఊరందరికీ తెలుసు. చీరలు కొనడానికొచ్చినవాళ్లు కూడా బేరం ఆపి మరీ కంప్యూటర్ సైన్స్ గొప్పతనం వివరించేవారు. ఇంటర్ రెండుసార్లు తప్పిన మేనమామ ఉదయ్‌భాస్కర్ ఏకంగా కాలేజీల జాబితానే రాసి తెచ్చాడు.

ర్యాంకు వచ్చాక, ఆప్షన్లు పెట్టే రోజున అందరూ కంప్యూటర్ చుట్టూ మూగారు.

"నేను సివిల్ పెడుతున్నాను నాన్నా," అంది సాయిసుధ.

మేనమామ అదిరిపడ్డాడు. "సివిలా? ఎండలో నిలబడాలమ్మా! అందులో ఏముందని?"

"పట్టిసీమలో గోదావరి నీళ్లు కాలవలోకి ఎక్కించడం చూసినప్పట్నుంచీ నాకదే ఇష్టం మామయ్యా. మీ జాబితా కూడా బాగుందండి. మీరే చేరకూడదూ?"

జోగేశ్వరరావు గారికి నవ్వాగలేదు. "పెట్టుకోవే," అన్నారు.

కాకినాడలో సివిల్ సీటు వచ్చింది. ఆ వారమంతా ఆయన అడగనివాళ్లకు కూడా చెప్పారు. "కంప్యూటర్ సైన్స్ వచ్చేదేనండి. మా అమ్మాయే వద్దనుకుంది."

ఆ ర్యాంకుకు అది వచ్చేదో లేదో సాయిసుధకు తెలుసు. అయినా నాన్న మాట కాదనలేదు.