టఫెటాలో సూది గుర్తులు

మా ఊరి హాలును కౌన్సిల్ వాళ్లు కూల్చేస్తున్నారు. కూల్చేముందు అందులో ఆఖరి బాల్ డాన్సు పెట్టారు. ఆడవాళ్లంతా పాతకాలపు గౌన్లలోనే రావాలన్నారు. అందుకని మా వదిన బెరిల్ కత్తెర, సూదుల డబ్బా పట్టుకుని మా పొలానికి వచ్చింది. వెంట నా మనవరాలు బ్రాన్విన్.

నా భార్య నోలా పోయి రెండేళ్లయింది. సమాధి చేసి వచ్చాక, సాండ్‌విచ్ నములుతూ "ఈ మనిషి మా చెల్లెల్ని ఒక్క డాన్సుకూ తీసుకెళ్లలేదు" అని బెరిల్ పదిమందిలో అంది. నేనది మరిచిపోలేదు. మరిచిపోను.

"గౌను కోసమేగా వదినా," అన్నాను.

"నీ మొహం చూడ్డానికైతే ఇంత దుమ్ములో వస్తానా, క్లారీ," అంది.

దుప్పటిలో చుట్టి ఉన్న గౌను తీసిచ్చాను. లేత ఆకుపచ్చ టఫెటా, మెరిసే గట్టి పట్టుబట్ట. పెళ్లికి ముందు నోలా తనే కుట్టుకుంది. పైన భుజాలు వదిలేసి, నడుం దగ్గర పిడికిట్లో పట్టేంత సన్నగా వచ్చి, అక్కణ్ణుంచి గొడుగులా విచ్చుకుంటుంది. లోపల గరుకు వలబట్ట. కదిలితే పండిన గోధుమ చేలో గాలి పోయినట్టు చప్పుడు. ఇప్పటి బట్టలు ఒంటికి అతుక్కుని వేలాడతాయి. ఇది మనిషిని నిటారుగా నిలబెడుతుంది. ఆ గౌనులో నోలాను నేను చూసింది ఒక్కసారే, పెళ్లికి ముందు ఒక డాన్సు రాత్రి, హాలు తలుపు దగ్గర మగవాళ్ల మధ్య నేను నిలబడి. అప్పుడెలా ఉందో అలాగే దాచాను. ఆమెది నాకు మిగిలింది అదే.

బ్రాన్విన్ లోపలి గదిలో వేసుకుని వచ్చింది. వీపు మీద జిప్ సగంలోనే ఆగిపోయింది.

"ఊపిరి బిగబట్టినా ఎక్కట్లేదు తాతా. అమ్మమ్మ అసలేమైనా తినేదా?"

"తినేది. లోపల నడుముకు కార్సెట్ బిగించుకునేది," అంది బెరిల్. "నువ్వు తింటావు, బిగించవు. పక్క కుట్లు విప్పితే సరిపోతుందిలే. లోపల బట్ట బాగానే వదిలింది."

"కుట్టు ముట్టుకోవద్దు," అన్నాను. "పడితే వేసుకో, లేకపోతే మడిచి పెట్టు. టఫెటాలో సూది దిగిన చోటు మళ్లీ పూడదు."

"ఇదే ఆఖరిది తాతా. దీనికోసమే వాల్ట్జ్ నేర్చుకున్నాను. తర్వాత హాలే ఉండదు."

నేను తల అడ్డంగా ఊపాను. పిల్ల గౌను విప్పేసి, నా కోటు చుట్టుకుని వచ్చి కూర్చుంది. బెరిల్ మాత్రం మొండిది. గౌను తిరగేసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. కుట్టు వెంట వేలు పోనిచ్చింది, నడుం దగ్గర ఆపింది. 

"ఇలా రా, క్లారీ."

కుట్టుకు పక్కన, లోపల మడిచిన బట్ట మీద, చంక నుంచి నడుం దాకా సన్నటి రంధ్రాల వరస ఉంది.

"ఒకసారి విప్పి వదులు చేసుకుంది. తర్వాత మళ్లీ బిగించుకుంది," అంది బెరిల్. "కుట్టు నోలాదే."

"దేనికి?"

"వేసుకోడానికి. ఏటా నువ్వు గొర్రెల ఉన్ని కత్తిరించడానికి ఉత్తరాదికి పోయేవాడివిగా. అప్పుడు పక్క ఊరి హాల్లో డాన్సుండేది. కారు నేనే నడిపేదాన్ని. మగవాళ్లు చాలకపోతే అక్కచెల్లెళ్లమే కలిసి ఆడేవాళ్లం. బిగించింది జబ్బు చేశాక. చిక్కిపోయిందిగా. ఆ ఏడాది కూడా డాన్సుకు వచ్చింది."

"నాకొక్క ముక్క చెప్పలేదు."

"చెప్తే వచ్చి ఆడేవాడివా? పోనీ, దాన్నన్నా పోనిచ్చేవాడివా?"

నేను తిరిగొచ్చిన ప్రతిసారీ గౌను అదే దుప్పటిలో, అదే అరలో ఉండేది. పెళ్లికి ముందు నేను చూసిన ఆ ఒక్క రాత్రిని దాచుకున్నాననుకున్నాను. నేను దాచింది వాళ్లిద్దరి రాత్రుల్ని. బెరిల్‌ను దీనికీ క్షమించను. నోలాను కూడా. ఆమె ఎదురుగా లేదు కాబట్టి ఆ కోపానికి పనేమీ లేదు. కూర్చున్నాను.

"విప్పు," అన్నాను. "ఆ పాత రంధ్రాల వెంటే కుట్టు."

బెరిల్ నా వైపు చూసింది. ఎత్తిపొడుపు మాటేదో నోటిదాకా వచ్చినట్టుంది, మింగేసింది. కత్తెర మొనతో మొదటి దారం తెంపింది.

"డాన్సవగానే జాగ్రత్తగా తెచ్చిచ్చేస్తా తాతా," అంది బ్రాన్విన్.

"తేవద్దు. నువ్వే ఉంచుకో."

"మరి నువ్వు రావా? కూర్చుని చూద్దువుగాని."

"అలిసిపోయానమ్మా," అన్నాను. అది నిజమే. లేచి, కుక్కలకు తిండి పెట్టడానికి బయటికి వెళ్లాను.