ఏడు సీసాలు తక్కువ

లాగర్ బీరుకు ముందు కావలసింది చలి. మామూలు బీరును ఇంట్లో ఏ మూల పెట్టినా పులుస్తుంది. లాగర్ అలా కాదు. ఇక్కడి ఫారెన్‌హీట్ కొలతలో యాభైరెండు డిగ్రీల దగ్గర రెండు వారాలు పులియాలి, ఆ తరవాత నెల రోజులు ఇంచుమించు గడ్డకట్టే చలిలో నిలవ ఉండాలి. మేముండే ఎడారి ఊరు చాండ్లర్‌లో జూన్ నెలలో గరాజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకని పాత ఫ్రిజ్ ఒకటి కొని గరాజ్‌లో పెట్టాను. దానికి డిగ్రీలు చూపించే చిన్న పెట్టె తగిలించాను.

నేను కాగితం మీద రాసింది రాసినట్టు చేసే మనిషిని. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. పుస్తకంలో ఉన్నది నమ్మబట్టే ఇక్కడిదాకా వచ్చాను. మా టీమ్‌లో హర్షిత్ ఇంట్లో చేసిన బీరు తెస్తే మేనేజర్ వారం రోజులు దాని గురించే మాట్లాడాడు. నేనూ ఒక కిట్ ఆర్డర్ చేశాను.

కారణం అదొక్కటే అంటే అబద్ధం అవుతుంది. ఆ వేసవిలో నాన్న మా ఇంట్లో ఉన్నాడు.

నాన్న పేరు సత్యానందం. రేపల్లె దగ్గర కాలవ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. తాగేవాడు. ఒక వానాకాలం సారా తాగి లాకుల గదిలో పడిపోతే, షట్టరు ఎత్తే దిక్కు లేక రెండొందల ఎకరాల వరి మునిగింది. సస్పెండ్ చేశారు. ఆ ఏడాదంతా మా అమ్మ జ్ఞానమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసింది. ఐసులో నాని నాని ఆమె వేళ్ళు మళ్ళీ పూర్తిగా సాగలేదు. అమ్మ పోయిన రోజున నాన్న బైబిలు మీద చెయ్యి వేసి తాగుడు మానేశాడు. పదకొండేళ్ళయింది. చర్చి సంఘం ఆయన్ను క్షమించి పెద్దను చేసింది. ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె పళ్ళెం పట్టుకునేది ఆయనే. నేను క్షమించానా అని నన్నెవరూ అడగలేదు.

నా భార్య జోసఫిన్‌కు సెప్టెంబర్ మొదటి వారంలో కాన్పు అన్నారు. పుట్టిన బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేయాలని, అందుకోసం నాన్న వచ్చాడు. ఆయన నన్ను జీవితంలో అడిగింది అదొక్కటే. దిగిన రోజే నేను చెప్పాను, ఒక్క చుక్క తాగినా మర్నాటి విమానం ఎక్కిస్తానని. “సరే జూడూ,” అన్నాడు.

అలా చెప్పిన ఇంట్లోనే బకెట్ నిండా బీరు పులియబెట్టి, దానికి కాపలా ఆయన్నే పెట్టాను. నాకు చిప్పులు తయారుచేసే ఫ్యాబ్‌లో పన్నెండు గంటల షిఫ్టు. రోజుకు మూడుసార్లు డిగ్రీలు చూసి రాయమన్నాను. మానేసిన మనిషి చేత ఇది కాయించడం పాపమండీ అంది జోసఫిన్. నిజంగా మానేసినవాడికి భయమెందుకన్నాను.

నాన్న చర్చి క్యాలెండర్ వెనకవైపు స్కేలు పెట్టి గీతలు గీశాడు. తేదీ, వేళ, డిగ్రీ. లాకుల దగ్గర నీటిమట్టం రాసినట్టే రాశాడు. ఆరు వారాలు పడుతుందని చెబితే ఆయనకు నవ్వొచ్చింది.

“ఆరు వారాల్లో మనూళ్ళో సారా కాసేవాడు కాసి, పట్టుబడి, జైలుకెళ్ళి, తిరిగొచ్చేసేవాడ్రా జూడూ.”

జోసఫిన్ నవ్వింది. నేను నవ్వలేదు.

జులైలో ఒక సాయంత్రం దుమ్ముతుఫాను వచ్చి మూడు గంటలు కరెంటు పోయింది. నేను షిఫ్టులో ఉన్నాను. ఆయన వంటింటి ఫ్రీజర్లో ఉన్న ఐసంతా తెచ్చి బకెట్ చుట్టూ పేర్చి, తడి తువ్వాళ్ళు చుట్టి, ఆ ఉడుకులో కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు. నేను వచ్చేసరికి బనీను ఒంటికి అతుక్కుపోయి ఉంది.

“నాలుగు డిగ్రీలే పెరిగిందిరా,” అన్నాడు, షట్టరు వేళకు ఎత్తినవాడిలా.

ఆగస్టు నడుమ ఒక శనివారం గరాజ్‌లో బీరు సీసాల్లోకి పట్టాను. నలభై ఎనిమిది సీసాలు వస్తాయని కిట్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది. నలభై ఎనిమిది కడిగి బల్ల మీద వరసగా పెట్టాను. నలభై ఒకటి నిండాక గొట్టంలో గాలి వచ్చింది. బకెట్ అడుగున తెల్లటి మడ్డి మిగిలితే సింకులో పారబోసి కడిగేశాను. ఏడు సీసాలు ఖాళీగా ఉండిపోయాయి.

పెట్టె మీద రాసింది తప్పేమోనని నాకు తట్టలేదు. నాన్న తాగి ఉంటాడని తట్టింది.

బకెట్‌కు కింద కుళాయి ఉంది. ఫ్రిజ్ మీద ఆయన స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. వాసన చూశాను. ఏమీ లేదు. కడిగేశాడనుకున్నాను.

పిలిచి ఖాళీ సీసాలు చూపించాను. ముట్టుకోలేదన్నాడు. గ్లాసు బీపీ మాత్ర వేసుకోవడానికన్నాడు. కరెంటు పోయిన రోజు ఫ్రిజ్ తెరిచింది నువ్వే కదా అన్నాను. తెరిచానన్నాడు. మూడు గంటలు దాని పక్కనే ఎందుకు కూర్చున్నావన్నాను. ఆయన నా మొహం వంక చూశాడు. బైబిలు తెస్తానన్నాడు. ఒకసారి చేసిన ప్రమాణం చాలు, వద్దన్నాను.

అలా గంటసేపు అడిగాను. గొంతు పెంచలేదు. మా ఇంట్లో అరుపులు ఎప్పుడూ ఆయన వంతే, నాకు ఆ అలవాటు లేదు. ఆఖరికి ఆయన కుర్చీలో కూలబడి, నేల వంక చూస్తూ అడిగాడు.

“ఒప్పుకుంటే బిడ్డ పుట్టేదాకా ఉండనిస్తావా?”

“ముందు నిజం చెప్పు.”

“ఎన్ని తక్కువన్నావు?”

“ఏడు.”

“అయితే ఏడు తాగాను.”

నేను లాప్‌టాప్ తెరిచి గురువారానికి టికెట్ బుక్ చేశాను. ఉండనిస్తానని నేను మాట ఇవ్వలేదు.

జోసఫిన్ గరాజ్‌లోకి తెరుచుకునే వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. “ఎన్ని తాగాడో మీరు చెప్తే గాని మామయ్యకు తెలియలేదు, విన్నారా?”

“ఒప్పుకున్నాడు, విన్నావా?” అన్నాను.

వెళ్ళే ముందు ఆయన పెట్టెలోంచి అమ్మ పాత నేతచీర తీసి, పొత్తిళ్ళకు మెత్తగా ఉంటుందని జోసఫిన్ చేతికిచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో నాకు డిగ్రీల కాగితం మడిచి ఇచ్చాడు. మళ్ళీ పెట్టినప్పుడు పనికొస్తుందన్నాడు. ఆరు వారాల్లో ఒక్క గడి ఖాళీ లేదు.

ఊళ్ళో పాస్టరుగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. దాచడం కూడా పాపమే కదా. ఆ ఆదివారం నుంచి రొట్టె పళ్ళెం ఇంకొకరి చేతికిచ్చారు. నాన్న వెనక బెంచీలో కూర్చుంటున్నాడని, బల్ల వేళకు లేచి బయటికి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. సెప్టెంబర్ నాలుగున అనిక పుట్టింది. ప్రార్థన ఫోన్లో చేశాడు. బీరు బాగా కుదిరింది. మేనేజర్ అడిగి మరీ రెండు సీసాలు తీసుకెళ్ళాడు.

నవంబర్‌లో మళ్ళీ పెట్టాను. అదే కిట్, అదే బకెట్. ఈసారి ఫ్రిజ్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకు తిరిగాను. జనవరి మొదటి ఆదివారం పొద్దున బకెట్ హాల్లోకి తెచ్చి సీసాలకు పట్టాను. నలభై ఒకటి నిండాక గొట్టంలో గాలి వచ్చింది.

గొట్టం తీసి పక్కన పెట్టాను. తరవాత అడుగున ఉన్న మడ్డిని వంటింటి కొలత జగ్గులో పోసి చూశాను. రెండున్నర లీటర్లు. ఏడు సీసాల్లో పట్టేది అంతే. కిట్ కాగితాలు తీసి మళ్ళీ చదివాను. మడ్డి కింద కొంత పోతుందని నాలుగో పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉంది.

అంతలో నాన్న వీడియో కాల్ వచ్చింది. ప్రతి ఆదివారం ఆ వేళకు చేస్తాడు, అక్కడ రాత్రి భోజనం అయ్యాక. మనిషి చిక్కిపోయాడు. అనిక పాలు సరిగ్గా తాగుతోందా అన్నాడు, బోర్లా పడుతోందా అన్నాడు.

“మళ్ళీ బీరు పెట్టావని కోడలు చెప్పింది. ఈసారి లెక్క సరిపోయిందా?”

సోఫాలో పాపను ఒళ్ళో పెట్టుకున్న జోసఫిన్ తలెత్తింది. బల్ల మీద ఏడు ఖాళీ సీసాల వంక చూసి, నా వంక చూసింది.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే పాస్టరుగారికి చెప్పాలి, సంఘానికి చెప్పాలి. ఆగస్టులో ఆ గంటసేపు గరాజ్‌లో ఆ మనిషిని నేనేం చేశానో నాకు నేను చెప్పుకోవాలి.

“సరిపోయింది నాన్నా. నలభై ఎనిమిది.”

అవతల ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

“అయితే నేనే తాగుంటానురా,” అన్నాడు. “ముసలోణ్ణి కదా, గుర్తుండదు. పాపనోసారి చూపించు.”

బల్ల మీది సీసాలు కనపడకుండా ఫోను తిప్పి, పాపను చూపించాను.