మేకు కొట్టిన కిటికీ

ఆ గదిలో గోడలకు కూడా చెమటలు పట్టేవి. అసలే చలికాలం, వాళ్ల ఊరు రాజోలికి పక్కనే తుంగభద్ర, పైగా గీత పచ్చి బాలింత. బాలింతకు గాలి సోకకూడదని అత్త పెంటమ్మ కిటికీ రెక్కలు మూసి మేకు కొట్టేసింది. గదిలోనే కుంపటి, దాని మీద పొద్దంతా మరిగే నీళ్లు. ఆ ఆవిరి ఎటు పోవాలి? గీత మొగుడు రవి సెల్‌ఫోను కొన్న ఏడాదే ముచ్చటపడి కిటికీకి అద్దాలు బిగించాడు. ఆవిరంతా వాటికి పట్టి, తెల్లారేసరికి ధారలు కట్టి కారేది. కిటికీ కింద గోడంతా నల్లటి బూజు. ముక్కు మూసుకుంటే తప్ప పడుకోలేని వాసన.

గీతకు ఆ బూజంటే అసహ్యం, అత్తంటే అంతకు రెట్టింపు. అద్దాలు తుడిచిన గుడ్డను కావాలనే పెంటమ్మ కాళ్ల దగ్గర పిండేది. పెంటమ్మ తక్కువ తిన్నదా? గోడకు సున్నం పూసి, "ఏడుందే బూజు?" అని ఎదురడిగేది. నాలుగు రోజులు తిరక్కముందే సున్నంలోంచి నల్లమచ్చలు తేలేవి.

ఇంతలో పాపకు దగ్గు పట్టుకుంది. పాలు తాగుతూ తాగుతూ రొమ్ము వదిలేసి డొక్కలెగరేసేది. గదికి గాలి రానివ్వమని దవాఖానలో నర్సమ్మ చెప్పింది. ఆ మాట పెంటమ్మ చెవికెక్కలేదు.

"తలుపు బార్లా తెరుస్తున్నవ్. గాలి సోకింది. గందుకే దగ్గు," అంది.

"గాలి లేకనే పిల్ల గిట్లైంది! కిటికీ తీస్తవా, అద్దం పగలగొట్టాల్నా?" గీత మూలనున్న రోకలి అందుకుంది.

పెంటమ్మ కిటికీకి అడ్డంగా నిలబడింది. "కొట్టు. ముందు నన్ను కొట్టు. నాకు నేర్పనీకొచ్చినవా? గీ అర్రలనే ముగ్గుర్ని కన్న."

"కన్నవ్. బతికిందెవరు? ఒక్క రవే గద!"

అన్నాక గీత రోకలి దించింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. పక్కమీద పాప గురగుర వినిపిస్తూనే ఉంది.

పెంటమ్మ పాపనే చూస్తూ నిలబడింది.

"ఇద్దరు చలికాలంల పుట్టిరి," అంది చివరికి, ఎవరితోనో చెప్తున్నట్టు. "గిట్లనే దగ్గిరి. రవి ఎండకాలంల పుట్టిండు. ఉడకపోతకు తాళలేక కిటికీ తెరిచిన."

కుంపటి దగ్గరి పటకారు తీసి మేకు పట్టి లాగింది. తుప్పుపట్టిన మేకు ఓ పట్టాన రాలేదు. అరచెయ్యి చీరుకున్నా వదల్లేదు. ఊడి వచ్చాక దాన్ని గీత ముందు విసిరికొట్టి, రెక్కలు రెండూ తోసింది.

"నా మనవరాలు బతకాలె. బతికినంక నువ్వు నా మొకం చూడకు."

నది మీది చలిగాలి గదిలోకి వచ్చింది. గీత పాప చెవులు కప్పింది. అత్త వైపు మాత్రం తిరగలేదు.