ఆరో బార

వెండెల్ కొలను మీద కప్పిన ప్లాస్టిక్ దుప్పటిని చక్రానికి చుడుతున్నాడు. జనవరి చలికి వెచ్చటి నీళ్ళ నుంచి ఆవిరి లేచి నాలుగడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు కనక ఆయనకి చూపుతో పని లేదు. కుడి మోకాలు మాత్రం ప్రతి తిప్పుకీ కలుక్కుమంటోంది. ఈరోజుతో ఉద్యోగం సరి. మధ్యాహ్నం ఆఫీసులో కేకు కోస్తారట. దాని మీద ‘ఒక్క పొరపాటు చెయ్యని మనిషి’ అని రాయించారని టికెట్ల అమ్మాయి ఆత్రం ఆపుకోలేక ముందే చెప్పేసింది.

నిన్న వాటర్ పోలో ఆటగాళ్ళ కోసం పీకేసిన స్తంభాలను గట్టు మీది గుంతల్లో దించి, కొలనుకి అడ్డంగా జెండాల తాడు కట్టాడు. వెల్లకిలా ఈదేవాళ్ళకి గోడ కనపడదు. నెత్తి మీద జెండాలు దాటగానే చేతులతో వేసే బారలు లెక్కపెట్టుకుని గోడ అందుకుంటారు.

బొరోకా అప్పటికే నీళ్ళలో ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, వెల్లకిలా ఈతలో దేశం జట్టులో ఉండాల్సింది. డిసెంబరులో వేరే కొలనులో పోటీ జరిగితే, అందరికన్నా ముందు ఈదుతూ, ఆఖరి బార గోడకేసి కొట్టి రెండు వేళ్ళు విరగ్గొట్టుకుంది. వేళ్ళు అతుక్కున్నాయి, ధైర్యం అతుక్కోలేదు. గోడ దగ్గరికి రాగానే తల తిప్పి చూస్తుంది. ఆ చూపుకే అర సెకను పోతోంది.

“మళ్ళీ చూశావ్! గోడేమన్నా పెళ్ళికొడుకా?” అని గట్టు అంచు నుంచి అరిచాడు కోచ్ ఒట్టో.

“లెక్క తప్పుతానని భయం. శనివారం ఎంపికలోనూ ఇంతే అయితే ఈత మానేస్తా,” అంది బొరోకా. బెదిరింపు కాదది, అలసట.

వెండెల్ సామాన్ల గదిలోంచి అప్పగించాల్సినవి బయటికి తీశాడు. ఉక్కు టేపు తుప్పు పట్టి ఉంది. పనిచేస్తుందో లేదోనని గోడ నుంచి స్తంభం దాకా లాగాడు. అయిదు మీటర్లు ఉండాలి. ఆరుంది. మళ్ళీ కొలిచాడు, ఆరే. వంగి గుంతని చూశాడు. అక్టోబరులో గట్టుకి కొత్త రాళ్ళు పరిచాక పాత గుర్తులు పోయాయి. అప్పట్నుంచీ స్తంభాలను పోలో ఆట గుంతల్లో దించుతున్నాడు. ఆ పిల్ల ఆరు బారలకి అలవాటు పడింది. పోటీలో జెండాలు సరైన చోటే ఉన్నాయి, ఆరో బార గోడకి తగిలింది.

ఈ ఆవిరిలో తనని ఎవరూ చూడలేదు. టేపు చుట్టేసి కేకు తినొచ్చు. మెట్టు మీద కూర్చుని పంది కొవ్వు రాసిన రొట్టె, ఉల్లిపాయ కొరికాడు. సగం రొట్టె పక్కన పెట్టి లేచాడు.

“అమ్మాయ్, ఇలా రా.”

“ఏంటి బాబాయ్?”

“నీ లెక్క తప్పలేదు. నా స్తంభం తప్పింది. చూడు.”

బొరోకా గట్టెక్కి టేపు మీది అంకె చూసింది. మొహం జేవురించింది.

“నెలన్నర నుంచి నన్ను నేనే తిట్టుకుంటున్నా, తెలుసా!”

“ఇప్పుడు నన్ను తిట్టు.”

ఒట్టో, తనూ ఏనాడూ కొలవలేదని గుర్తొచ్చి, వంగి టేపు మీది అంకె తనే చదివాడు. ఆమె వెళ్ళి వెండెల్‌తో పాటు స్తంభం పట్టుకుంది. నాలుగు చేతులూ కలిపి స్తంభాలు సరైన గుంతల్లోకి మార్చారు. వెండెల్ టేపు మళ్ళీ పరిచి చూపించాడు. అయిదు.

ఆమె కోపంగా నీళ్ళలోకి దూకింది. మూడుసార్లు తల తిప్పి చూసింది. నాలుగోసారి జెండాలు దాటాక ఆకాశాన్నే చూస్తూ అయిదు బారలు వేసింది. అరచెయ్యి వెళ్ళి గోడకి ఆనింది.

“అయిదే బాబాయ్! అయిదే!”

వెండెల్ అప్పటికే తాళాలు టికెట్ల కిటికీలో పెట్టి, కేకు సంగతి అడక్కుండా బస్సెక్కేశాడని టికెట్ల అమ్మాయి తర్వాత చెప్పింది. గట్టు మీద, గోడ నుంచి స్తంభం దాకా, తడిసిన టేపు పరిచింది పరిచినట్టే ఉంది.